మండుటెండల్లో దుప్పట్లు అమ్మించిన సలహా

కూర్చోండి, కూర్చోండి, లేవకండి. బుధవారం నాలుగింటికల్లా నా గది తలుపు బార్లా తీసి ఉంచాలని రూలు. తీసే వచ్చాను. ఈ టీకొట్టు బల్ల మీంచి చూస్తే నా గుమ్మం తిన్నగా కనబడుతుంది, ఎవరైనా వస్తే రెండంగల్లో అక్కడుంటా. బిజినెస్ చదివే పిల్లల హాస్టల్లోనే కాపురముండి, ఏ సబ్జెక్టు తీసుకోవాలో ఏది వదలాలో చెప్పడం నా ఉద్యోగం. ఒకప్పుడు సంతకం కోసమైనా వచ్చేవాళ్ళు. ఇప్పుడు సంతకాలూ ఫోన్లోనే. తలుపు కొట్టిన చప్పుడు విని ఎన్నాళ్ళయిందో! ఈ టర్ములోనూ ఇలాగే ఉంటే నా గదిలో విరిగిన కుర్చీలు పడేస్తారట. పడెయ్యనీ. నా సత్తా వాళ్ళకేం తెలుసు? వాయిదాగాడి సంగతి మీకు చెప్పానా?

"చెప్పారు సార్," అన్నాడు టీకొట్టు బాబాయి.

పూర్తిగా చెప్పలేదులే. ఏ పనైనా రేపు రేపంటాడని వాడికి ఆ పేరు. అకౌంట్స్‌లో మూడుసార్లు తప్పి, మొహం వేలాడేసుకుని నా గుమ్మంలో నిలబడ్డాడు. ఒరేయ్, నీది లెక్కల బుర్ర కాదు, నోరున్న బుర్ర, సేల్స్ తీసుకో అన్నా. అంతే, పాసయ్యాడు. ఇందులో గొప్పేముంది, ఎవరైనా చెబుతారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ప్రాక్టీసు కోసం, మండుటెండల్లో దుప్పట్లు అమ్ముకు రారా అన్నా. సాయంత్రానికి నలభై అమ్మాడు! కొన్నవాళ్ళు ఊరికే కొన్నారా, కప్పుకుని మరీ తిరిగారు, చెమటలు కక్కుతూ, 'ఆహా ఎంత హాయి' అనుకుంటూ.

"నేనైతే ఎవర్నీ చూళ్ళేదు సార్," అన్నాడు వాచ్‌మన్.

నువ్వప్పుడు డ్యూటీలో లేవు. మర్నాడు ఫ్యాన్ లేని గదికి రెగ్యులేటర్ అమ్మాడు. ఆ మర్నాడు కారే కుళాయిని పక్క హాస్టల్ వాళ్ళకి జలపాతమని అంటగట్టాడు. వారం తిరిగేసరికి మా హాస్టల్ని మా వార్డెన్‌కే అమ్మేశాడయ్యా! ఆయన వాడికి దండం పెట్టి, 'బాబూ, సోమవారం నుంచి నేనిందులో దిగొచ్చా?' అని అడిగాడు. అప్పటికి పన్నెండేళ్ళుగా అందులోనే ఉంటున్నాడు.

"కొయ్యండి సార్, మీ కోతలకి పన్నేముంది," అంటూ బాబాయి గ్లాసులు కడిగాడు. ఇస్త్రీ అక్క మాత్రం మూట దించుకుని, నవ్వకుండా వింటోంది.

ఇది కోతైతే దీన్నేమంటావో విను. ఆఖరికి అమ్మడానికేం మిగల్లేదు. సార్, ఇప్పుడెలా అన్నాడు. బిల్డింగు నీడ అమ్మరా అన్నా. గంటకింతని ముక్కలు చేశాడు. చివరి ముక్క బేరం తెగలేదు, పొద్దేమో కుంగిపోతోంది. వాడు పైకి చూసి, 'అన్నా, రేపు కుంగుదువుగాని' అన్నాడు. సూర్యుడంతటివాడు గంటన్నర ఆగాడు! ఇప్పుడు వాడికి సొంత విమానాలున్నాయి. మన హాస్టల్ మీదికొస్తే నాకోసం హారన్ కొడతాయి.

"విమానానికి హారనేంటి సార్?"

పెట్టించాడోయ్, నాకోసమే. చదువైపోయిన రోజు పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి 'వస్తూ ఉంటా సార్' అన్నాడు. తొమ్మిదేళ్ళయింది. పనుల్లో ఉండుంటాడు. మీకు చెప్పడానికి సిగ్గెందుకు, సాయంత్రమైతే చెవి గుమ్మం మీదే ఉంటుంది నాకు. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే నాకోసమేనేమో అనిపిస్తుంది. పైఅంతస్తుకి వెళ్ళిపోతారు. ఎవరో ఒకరు రావాలి, సార్ ఇదేం చెయ్యమంటారని అడగాలి. ఇంకేం అక్కర్లేదు నాకు.

అలాగని ఎవరూ రావడం లేదనుకునేరు! పోయిన బుధవారమే ఒక పిల్లొచ్చింది. ఇదంతా చెప్పా. గంటన్నర కదల్లేదు, నోరు మెదపలేదు. వెళ్ళేటప్పుడు కళ్ళనిండా నీళ్ళు! అదీ నా మాట బలం.

"ఆ పిల్ల మా అక్క కూతురు సార్," అంది ఇస్త్రీ అక్క.

అలాగా! ఇంటికొచ్చి చెప్పిందా? ఏమంది?

"సార్‌కి ఎవరో వాయిదా అనే అబ్బాయంటే ప్రాణం పిన్నీ, పాపం రోజూ ఎదురు చూస్తారట అంది. అంతే. ఆ గంటన్నరలో ఒక్కసారైనా 'ఎందుకొచ్చావమ్మా' అని అడిగారా సార్?"

అడగలేదమ్మా.

"చదువు మానేస్తానని పెట్టె సర్దేసింది. ఇవాళ ఐదున్నరకే బస్సు. దాని బట్టలివ్వడానికే వెళ్తున్నా."

టీ అక్కడ పెట్టు బాబాయ్. నా చెప్పులేవి? అమ్మా, ఒక్క మాట చెప్పు, ఏం చెప్పుకుందామని వచ్చింది ఆ పిల్ల?

"నాకు చెప్పలేదు సార్. మీకైతే చెప్పుకోవచ్చని వచ్చింది."