మనిషికి తగ్గ చొక్కా

"టేపెందుకయ్యా నాకు? కళ్ళున్నాయి కదా!" అన్నాడు టైలర్ బాబాయ్, టీ గ్లాసు ఊదుకుంటూ. "ఒకసారి బస్సు ఆగింది. కిటికీలోంచి డ్రైవరు మోచెయ్యి కనిపించింది. ఒక్క మోచెయ్యే! ఆ మోచేతికి తగ్గ భుజం ఎంత, ఆ భుజానికి తగ్గ ఛాతీ ఎంత, ఛాతీకి తగ్గ మెడ ఎంత అని మనసులోనే లెక్కేసి చొక్కా కుట్టిపడేశా. అతికినట్టు సరిపోయింది!"

"మోచెయ్యి చూసి మెడా?" అన్నాడు సైకిల్ షాపాయన.

స్తంభాలెక్కి తీగలు బిగించే కరెంటతను చేతి గడియారం చూసుకున్నాడు. అతని ప్రాణమంతా బాబాయ్ ఒళ్ళోని కాగితం పొట్లంలో ఉంది. అందులో ఉన్నది అతని చొక్కా. వాన వెలిసిన ఆకాశంలాంటి ఆ లేత నీలం గుడ్డని టీ కొట్టు అమ్మాయే ఏరి కొనిచ్చింది. ఇంకో గంటలో పెళ్ళి మాటలకి అతను ఆమె నాయనమ్మ ముందు కూర్చోవాలి. "మా నాయనమ్మ ముందు బట్టలు చూస్తుంది, తర్వాతే మొహం" అని ఆ అమ్మాయి నాలుగుసార్లు చెప్పింది. గుడ్డ ఇచ్చిన రోజు "కొలతలు తీసుకోవా బాబాయ్?" అని అడిగితే, "నిన్ను మొన్ననే చూశాలే" అన్నాడు బాబాయ్.

"బాబాయ్, నా చొక్కా..."

"ఉండవయ్యా, అసలు కథ ఇప్పుడే మొదలైంది! ఓ సాయంత్రం ఒకాయన వీధి మొదట్లో నిలబడ్డాడు. నీడ మాత్రం మా కొట్టు దాకా వచ్చింది. నేను కుట్టుమిషను మీంచి తల ఎత్తలేదు. నీడకి తగ్గట్టు కుట్టేశా, ముప్ఫై మీటర్లు పట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆయన ఊరొదిలి పారిపోయుంటాడు" అన్నాడు సైకిల్ షాపాయన.

"ఛ! అంత మంచి చొక్కా పాడు చేయబుద్ధి కాక ఆయనే పెరిగాడు! ఇప్పుడు వీధి దీపం మార్చాలంటే ఆయనకి నిచ్చెన అక్కర్లేదు, కావాలంటే ఈ కరెంటబ్బాయిని అడగండి."

కరెంటతను తల అడ్డంగానూ నిలువుగానూ కాకుండా ఊపాడు. పొట్లం అతని చేతికి రాలేదు మరి. టీ వడపోస్తున్న అమ్మాయి పెదవులు బిగబట్టి నవ్వాపుకుంది. ఆ నవ్వు చూస్తే చాలు, అతనికి ఎంతెత్తు స్తంభమైనా తాడు లేకుండా ఎక్కేయొచ్చనిపిస్తుంది.

"అదేం గొప్ప!" అని బాబాయే మళ్ళీ అందుకున్నాడు. "ఊరి బయట కొండ ఉందా? వానకి తడిసి ఒకటే తుమ్ములు. అది తుమ్మితే మన గిన్నెలు గూట్లోంచి పడేవి. పాపమనిపించి వానకోటు కుట్టా. గుండీలకి లారీ చక్రాలు పెట్టా. ఎడమ జేబులో ఓ మబ్బు చిక్కుకుని మూడు రోజులు బయటికి రాలేదంటే నమ్మండి! ఎంత కొండకి అంత కోటు, వెంట్రుకవాసి తేడా లేదు. మిగిలిన ముక్క ఇదిగో" అని జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

అమ్మాయి వచ్చి నెమ్మదిగా పొట్లం లాక్కుని విప్పింది.

నీలం చొక్కా బయటికొచ్చింది. కుట్టు ముత్యాల్లా ఉంది, కాలరు కత్తిలా ఉంది. చేతులకి తగ్గ భుజాలు, భుజాలకి తగ్గ మెడ, అన్నీ ఒద్దికగా ఉన్నాయి. కానీ మొత్తం చొక్కా ఆమె అరచేతిలో ఇమిడిపోయింది.

కరెంటతని గుండె జారి చెప్పుల్లో పడింది.

"బాబాయ్," అంది అమ్మాయి, "ఈయన్ని ఎక్కడుండగా చూశావు?"

"అదిగో, ఆ పెద్ద స్తంభం కొసన. తీగలు బిగిస్తుంటే కింద నుంచి చూశా, ఇంతే ఉన్నాడు!" అని బొటనవేలు, చూపుడువేలు చాపి చూపించాడు. సైకిల్ షాపాయనకి టీ పొలమారింది. బాబాయ్ మాత్రం తొణకలేదు. "నేను కుట్టింది వీడికి కాదమ్మా, రేపు మీకు పుట్టబోయే వాడికి! ముందుచూపంటే అదే!"

అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. చొక్కా మడిచి, తన డబ్బు పెట్టెలో భద్రంగా పెట్టుకుంది.

"పుట్టాక వాణ్ణి నీ కొట్టుకే తీసుకొస్తాం బాబాయ్. అప్పుడైనా దగ్గరికొచ్చి, టేపు పట్టుకుని కొలువు." కరెంటతని వైపు తిరిగింది. "మీరు ఆ పని చొక్కాతోనే రండి. నాయనమ్మకి నేను చెప్పుకుంటా."

ఇంకో గంటకి రావలసిన జవాబు, గ్లాసులో టీ చల్లారకముందే వచ్చేసింది.