పట్నంల పస్తున్న కొమురవ్వ

ఇప్పలపల్లె కొమురవ్వ ఉన్నది సూడు, ఆమె పట్నం పోయిందంట. ఎందుకు పోయింది? పిలగాణ్ని చూడ పోయింది. ఆమె మనుమరాలు స్రవంతి పట్నంల నర్సు పని నేర్చుకుంటున్నది. అక్కడ ఆటో నడిపే శ్రీశైలం మీద మనసు పడ్డదంట. తల్లి లేని పిల్ల, అవ్వే సాదింది. "అవ్వా, నువ్వు ఊఁ అంటె చేసుకుంట, వద్దంటె మర్చిపోత" అన్నదంట. మర్చిపోతదా? నోటితోని అనుడే గద. దానికి కొమురవ్వ ఏమన్నదంటె, "పిలగాని రంగు నాకక్కరలేదు, కొలువు నాకక్కరలేదు. పెట్టే గుణం ఉన్నదా లేదా, అదొక్కటి చూస్త. ఒక్కదినం నన్ను తిప్పమను. చార్మినార్, గోలకొండ నేను చూసినయే. ఎవ్వరు చూడని జాగలు చూపెట్టుమను, ఎవ్వరెరగని తిండి పెట్టుమను. ఆ దినం నువ్వు గిన ఫోన్ల వానికి ఒక్క ముక్క అందిచ్చినవో, పెండ్లి లేదు ఏం లేదు" అన్నది. అన్నదంటె అన్నదే. ఊర్ల పంచాయితీల గూడ ఆమె మాటకు తిరుగులేదు.

ఇప్పలపల్లె సంగతొకటి మీకు చెప్పాలె, లేకుంటె కత అందది. ఆ ఊర్ల ఎవరింటికి పోయినా, తింటవా అంటె మొదటిమాటకే ఊఁ అనొద్దు. అంటె ఏమైతది? కరువుల పుట్టింది, దీనికి ఇంట్ల పెట్టేటోళ్లు లేరు అని ఏడు తరాలు చెప్పుకుంటరు. మొదటిసారి అడిగితె "ఇప్పుడే తిని ఒచ్చిన" అనాలె. రెండోసారి అడిగితె "గొంతు దాక ఉన్నది" అనాలె. మూడోసారి అడిగి చెయ్యి పట్టి గుంజితె అప్పుడు "నీ మాట తీసెయ్యలేక" అనుకుంట పీట మీద కూసోవాలె. కూసున్నంక కుండ బోర్లేసినా ఎవ్వరేమనరు, అది వేరే ముచ్చట. స్రవంతి పిచ్చిది, ఈ సంగతి శ్రీశైలానికి చెప్పనే లేదు. ఎందుకు చెప్తది? లోకమంత గిట్లనే ఉంటదనుకున్నది. ఊపిరి ఎట్ల తీసుకోవాల్నో ఎవరన్న చెప్తరా?

సరే. ఒక బేస్తవారం పొద్దుగాల మొదటి బస్సుకు దిగింది కొమురవ్వ, కడుపుల ఇంత నల్లచాయ్ తప్ప ఏం లేదు. శ్రీశైలం కాళ్లకు మొక్కి ఆటో ఎక్కిచ్చుకున్నడు. నేరుగ పురానాపూల్ దగ్గరి బేస్తవారం సంతకు తోలుకపోయిండు. ఏమున్నయి అక్కడ? చెవి లేని గిన్నెలు, తాళంచెయ్యి లేని తాళాలు, పాడని రేడియోలు. ఒక ముసలాయన ఒంటి చెప్పులు పరుచుకొని కూసున్నడు. "ఒంటి చెప్పు ఎవరు కొంటరు బిడ్డా?" అన్నది కొమురవ్వ. "ఇంకోటి ఇంట్ల ఉన్నోళ్లు కొంటరు అమ్మమ్మా" అన్నడు శ్రీశైలం. కొమురవ్వకు నవ్వొచ్చింది గాని ఆపుకున్నది, పరీక్ష వెట్టొచ్చిన మనిషి గద. సంత ఎనక సందుల ఒక చిన్న హోటలు, నాలుగు బల్లలు, డేగిశ మూత తీస్తె సందంత ఘుమఘుమ. "అమ్మమ్మా, రాత్రంత సన్నమంట మీద ఉడికిన మేకకాళ్ల పాయ. పట్నపోళ్లల్ల సగం మందికి తెల్వది ఈ జాగ. తింటవా?" "ఇప్పుడే తిని ఒచ్చిన బిడ్డా" అన్నది. అని, మల్ల అడుగుతడని కొంగు సదురుకొని తయారుగున్నది. ఏమైందంటె, ఆ పిలగాడు "సరే అమ్మమ్మా" అని తనకొక్కనికే చెప్పుకున్నడంట! ఎదురుంగ కూసోని జుర్రుకుంట, బొక్క కొట్టి మూలుగ తీసుకొని తిన్నడు. కొమురవ్వ ఆ బొక్క దిక్కే చూసింది. ఆమె కడుపుల పేగులు కచ్చేరి పెట్టినయంట. సర్లే, ఒక్కసారి అయింది, ఇంక రెండున్నయి అనుకున్నది.

అక్కణ్నుంచి పైగా నవాబుల సమాధులకు తీసుకపోయిండు. సంతోష్‌నగర్ దిక్కు గల్లీలల్ల దాసిపెట్టినట్టున్నయి, పక్కపొంటి ఉన్నోళ్లకే పట్టదు. సున్నంతోని చేసిన జాలీ కిటికీలు, ఒక్కదాని లెక్క ఇంకోటి లేదు. "ముగ్గు వేసి, లేపి నిలవెట్టినట్టున్నది గదరా" అన్నది. ఇంకో దినమైతె పొద్దుగూకెదాక చూసేదే. ఆ దినం మాత్రం ఆమెకు ప్రతి జాలి జంతికల లెక్కనే కనపడ్డది. బయటికొస్తుంటె ఒక బండి మీద లుఖ్మీలు కాలుస్తున్నరు, అంటె నలుచదరపు పూరి లోపట కైమ పెట్టి ఏంచుతరు. "తింటవా అమ్మమ్మా?" అన్నడు. కొమురవ్వ నోట్ల నీళ్లు మింగుకుంట, "గొంతు దాక ఉన్నది బిడ్డా" అన్నది. "సరే" అన్నడు పిలగాడు. ఈసారి తను గూడ కొనుక్కోలే, బండి దిక్కు గూడ చూడలే, ఆటో తీసిండు. నవ్వకుండ్రి, ఆమె పాణం మీదికి ఒచ్చిందక్కడ. కండ్లు తిరుగుతున్నయి. కాని లోపట ఒక ధైర్యం, ఇంకొక్కసారే, మూడోసారి అడుగుతడు, చెయ్యి గుంజకున్నా సరే, పీట ఎక్కి కూసుంట అని.

పగటీలి మూడు దాటింది. కార్వాన్ దిక్కు ఒక ఇరుకు గల్లీ, అందుల ఒక పాత ఇల్లు, మెట్లెక్కితె డాబా మీద రాజమణి అనే ఆమె కట్టెలపొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేసి, తలకాయకూర వేసి పెడ్తది. బోర్డు లేదు, పేరు లేదు. తెలిసినోళ్లు మెట్ల కింద చెప్పులు చూసి పోల్చుకుంటరంట. రొట్టె చరిచే సప్పుడు కిందికి ఇనొస్తున్నది. శ్రీశైలం ఆటో ఆపి ఏమన్నడో ఎరికెనా? "అమ్మమ్మా, ఇదిగో ఇది రాజమణక్క డాబా. కూర వాసన చూసినవా? మంచిగున్నది గద. ఇగ పోదమా?"

"ఆపురా!" అన్నది కొమురవ్వ. గల్లీల కుక్కలు గూడ లేచి నిలవడ్డయి. "మూడోసారి అడుగవా?"

"ఏమడగాలె అమ్మమ్మా?"

"తింటవా అని అడుగరా పిచ్చి మొకమోడా!"

"రెండుసార్లు వద్దంటివి గద. బేస్తవారం ఒక్కపొద్దున్నవనుకున్న. నీ ముంగట తినుడు పాపమని లుఖ్మీల కాణ్నుంచి నేను గూడ పస్తే ఉన్న."

"నీ ఒక్కపొద్దు మన్నువడ! వద్దంటె వద్దేనా?"

పిలగాడు తెల్లమొకం వేసిండంట. "వద్దంటె వద్దే గద. మా అమ్మ మిషన్ కుడ్తది. అంచు వద్దన్న జాకీటుకు మంచిగుంటదని తనంతల తాను ఎన్నడు అంచు వెయ్యలే. వద్దన్న మనిషిని మల్ల మల్ల అడిగితె ఆ మనిషి మాట మీద లెక్కలేనట్టే అంటది. నీ నోరు, నీ మాట. నేనెవన్ని మార్చెతందుకు?"

కొమురవ్వ తిట్టబోయి ఆగింది. ఏం యాదికొచ్చిందంటె, ఆమెకు పదైదేండ్లప్పుడు బావకిచ్చి చేస్తమన్నరు. వద్దన్నది. పెద్దనాయిన రెండోసారి అడిగిండు. వద్దన్నది. మూడోసారి ఏడ్సుకుంట వద్దన్నది. అబ్బ, ఎంత మర్యాద తెలిసిన పిల్ల అని అందరు మెచ్చుకున్నరు. మెచ్చుకొని, చెయ్యి పట్టి గుంజి పీటల మీద కూసోవెట్టిండ్రు. బావ మంచోడే, సచ్చి ఏ లోకాన ఉన్నడో. కాని వద్దన్న మాటను వద్దనే ఇన్న మనిషిని, ఇగో, అరవై తొమ్మిదేండ్లకు, కార్వాన్ గల్లీల, ఖాకీచొక్కల చూసింది.

"బిడ్డా, నాకు ఆకలైతున్నది" అన్నది. పుట్టి బుద్ధెరిగినంక ఆ మాట ఒకరికి చెప్పుడు ఆమెకదే మొదలంట. పిలగాడు ఎగిరి దుంకి మెట్లెక్కిచ్చిండు. రొట్టె మీద రొట్టె, కూర మీద కూర. "ఇంకోటి వెయ్యనా అవ్వా?" అన్నది రాజమణి. "వెయ్యి" అన్నది. మల్ల "వెయ్యి" అన్నది. ఆరో రొట్టెకు రాజమణి "అవ్వా, ఇగ పిండి లేదు" అన్నది. "వద్దు తియ్యి, నిజంగనే గొంతు దాక ఒచ్చింది" అన్నది కొమురవ్వ. శ్రీశైలం చానసేపు ఆమె మొకం చూసిండంట, ఇది ఏ తీరు వద్దో తెల్వక. పాపం, ఒక్క దినంల పిలగాన్ని అంత బెదరగొట్టింది.

వారం తిరక్కముందే స్రవంతిని ఊరికి పిలిపిచ్చింది. వాకిట్ల అమ్మలక్కలందరు చేరిండ్రు. "ఒక్కసారే అడుగుత, నువ్వు ఏదంటె అదే. ఆ పిలగాన్ని చేసుకుంటవా?" అన్నది. పిల్ల ఇప్పలపల్లె పిల్లనాయె, పాడలవాటు, తలకాయ ఒంచి కాలి ఏలుతోని మన్ను గీరుకుంట, "ఏమో అవ్వా, నేనిప్పుడే..." అన్నది. అనుడుతోనే కొమురవ్వ "సరే" అని లేచి లోపటికి పోబోయింది. పిల్ల ఆగుతదా? ఉరికి అవ్వ కొంగు పట్టుకొని "చేసుకుంట! చేసుకుంట అవ్వా!" అని ఊరంత ఇనేటట్టు ఒర్లిందంట.

అట్ల అయింది పెండ్లి. సిగ్గులేని పిల్ల అని ఆ ఊర్ల ఇప్పటికీ అంటరు. అననియ్యి, అనెటోళ్లల్ల ఎంతమంది ఏడ్సుకుంట పీటల మీద కూసున్నరో ఎవరికెరుక. ఇగ మీరడగబోయేది నాకెరికే, ఆ రాజమణి డాబ ఏ గల్లీల అని. కొమురవ్వనే అడిగిన. జనం ఎక్కువైతె రొట్టెలు సరిపోవు, చెప్ప పో అన్నది. నేను మల్ల అడగలే.