హుసేన్‌సాగర్‌లో పోసిన డిస్సులు

శాంతిరాజు నోట్లో నువ్వుగింజ నానదని పంజగుట్టలో అందరికీ తెలుసు. సికిందరాబాదులో ఒక బారిస్టరు దగ్గర ఇంగ్లీషు కాయితాలకు నకలు రాయడం ఆయన పని. ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాడంటే చాలు, ఇంటి అరుగు మీద దర్బారు మొదలు. వారమంతా పరాయివాళ్ల మాటలే రాసి రాసి, ఆ ఒక్క పూట సొంత మాట మాట్లాడుకునేవాడు పాపం. అందులో నిజమెంత అని అడగడం మర్యాద కాదని ఊరుకునేవాళ్లు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చిన మూడో ఏడు, అలాంటి ఒక ఆదివారం, అరుగు చివర ఆయన చెల్లెలు యేసుమణి కూడా కూర్చుని ఉంది. పక్కన బట్టల మూట. కడుపులో ఎనిమిదో నెల. మూడేళ్ల కింద తండ్రి దయారత్నం వద్దంటున్నా వినకుండా, బోరబండలో రాళ్లు కొట్టే ఓదెలును చేసుకుని వెళ్లిపోయింది. పిల్లవాడు మంచివాడే, మతమే వేరు. తండ్రి పోయి ఏడాదయింది. ఆయన పోయిన వారానికే అన్న కబురు పంపాడు: "నాయన వీలునామ కాయితంల నిన్ను తీసేసిండు. గీ ఇంటితోని నీకు పనిలేదు."

ఆ కబురు విన్నాక ఆమె ఇటు తొంగి చూడలేదు. కానీ ఇది తొలి కాన్పు. తొలి కాన్పుకు పుట్టిల్లు కావాలి. అది పైకి చెప్పే మాట. ఓదెలుకు కూడా చెప్పని మాట ఇంకొకటి ఉంది. నాయన నిజంగా అంత కోపంతోనే కళ్లు మూశాడా? అది తేలకపోతే ఆమెకు నిద్ర పట్టేలా లేదు. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన అన్న, అడిగితే మెత్తబడతాడేమోనని వచ్చింది.

శాంతిరాజు ఆమెను చూశాడు, మూటను చూశాడు. "కూసో" అని, మొహం తిప్పుకుని, ఎన్నడూ లేనంత గొంతు పెట్టి కథ ఎత్తుకున్నాడు. వినడానికి పక్కింట్లో ఉండే, ఎడ్లబండి తోలే ముసలి హనుమాండ్లు ఉన్నాడు. అమీర్‌పేటలో ఒక నవాబు తోటలో మాలీగా చేసే రాజనర్సయ్య ఉన్నాడు. యేసుమణి వదిన మగ్దలీనమ్మ గడపలో నిలబడి ఉంది.

"ఇంగ్లీషు మాటంటే ఏమనుకున్నరు? ముక్కలు ముక్కలు అతికిన బొంత! 'ఇన్‌హెరిట్' అని ఒక మాటున్నది. పెద్దల సొత్తు పిల్లలకు దక్కుడన్నట్టు. దాని ఎనక 'అన్స్' అని ఒక తోక కుట్టు, 'ఇన్‌హెరిటన్స్'. దక్కిన సొత్తు వచ్చి ముంగట నిలవడ్డది. గా తోక ఇప్పి 'అర్' అని ఇంకో తోక కుట్టు, సొత్తు దక్కినోడే లేచి కూసుంటడు. తోకలు మంచియే, ఎవ్వల్ని ఏమనవు. ముంగట అతికేటియి ఉన్నయి సూడు, గవే విషం. 'డిస్' అని మూడే మూడక్షరాలు. ముంగట అతికినవా, బంతిల ఇస్తరాకు ముంగట కూసున్నోన్ని చెయ్యివట్టి లేపినట్టే. వారసుడు బజార్ల వడ్డడు, ఖతం!"

"మూడక్షరాలకేనా?" అన్నాడు రాజనర్సయ్య.

"మూడక్షరాలకే నర్సన్నా! మొన్న మా సికిందరాబాదు లష్కర్ల ఒక గుత్తేదారు సచ్చిపోయిండు. ఒక కొడుకు, ఒక బిడ్డ. బిడ్డకేం లేదని కాయితం. గా పిల్ల ఏడ్సుకుంట మా ఆఫీసుకొచ్చింది. బారిస్టరు దొరే చేతులెత్తేసిండు. నేను జర కాయితం ఇటియ్యుండ్రి సార్ అన్న. సూసిన. పట్టిన! ఏం పట్టిన్నో ఎరుకేనా? గుత్తేదారుకు ఇంగ్లీషు రాదు. మా రాతల రివాజేంది? ఇంగ్లీషుల రాసినంక తెలుగుల సదివి ఇనిపియ్యాలె. ఇన్నంక ఆయన ముద్ర ఏస్తడు, అడుగున 'సదివి చెప్పిన' అని రాసినోడు దస్కతు వెడతడు. ఇగ సదివెటోడే దొంగైతే? నోటితోని ఒకటి సదివిండు, కాయితం మీద ఇంకోటి రాసిండు. ముసలాయనకేమెరుక? చెవులతోని ఇన్నదానికే ముద్ర ఏసిండు."

"అయ్యో పాపం" అన్నాడు హనుమాండ్లు.

"ఫికర్ చెయ్యకు కాకా, నేనున్న గద! కలం కత్తి తీసిన, గా మూడక్షరాలు గీకి పీకిన."

"కోర్టు కాయితం గీకితే జేల్ల ఎయ్యరా?" అన్నాడు రాజనర్సయ్య.

"జడ్జి ముంగటనే పీకిన! జడ్జి లేచి నిలవడి టోపీ తీసిండు. పిల్లకు ఇల్లొచ్చింది. ఇల్లంటే ఏడు బంగళాలు, ఒక మామిడి తోట, తోటల ఒక ఏనుగు. గా తర్వాత ఏమైందో ఎరుకేనా? కబురు బెజవాడ దాక వోయింది. బొంబాయి దాక వోయింది. రైలు డబ్బాల మీద కూసొని వచ్చిండ్రు జనం, చేతుల కాయితాలు వట్టుకొని, శాంతిరాజు గారూ మాది పీకుండ్రి, మాది పీకుండ్రని. పొద్దుగూకేసరికి పీకిన డిస్సులు పదారు బస్తాలు! కట్టినా ఉంటయా, లోపల లుకలుకలాడుతున్నయి."

"నా బండి మీద తోలినట్టు లేదే?" అన్నాడు హనుమాండ్లు మీసంలో నవ్వుకుంటూ.

"ఎడ్లు గుంజుతయా కాకా గవి? ఫౌజు లారీ వచ్చింది. కొంటవోయి హుసేన్‌సాగర్ల పోసినం. నీళ్లు పొంగి ఎర్రమంజిల్ మెట్ల దాక వచ్చినయి! గా డిస్సులు మింగిన చేపలు తమ పిల్లల్నే గుర్తువట్టలేదు, మీరు ఎవ్వలని అడిగినయి. మరునాడు లండన్ నుంచి తంతి. డిక్షనరీ అచ్చేసేటోళ్లు! శాంతిరాజు గారూ, మాకు డిస్సులు అయిపోయినయి, దయచేసి రెండు బస్తాలు ఆపుండ్రి అని!"

రాజనర్సయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. యేసుమణికి కూడా నవ్వాగలేదు. చిన్నప్పుడు ఈ కోతలు వింటూనే అన్నం తినేది. నవ్వుతుంటేనే కళ్లలో నీళ్లు తిరిగాయి. అడగడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదనిపించింది.

"అన్నా, ఊరందరికీ పీకినవు గద. నాయన నాకు పెట్టింది సుత పీకరాదే? గంత కోపం ఉన్నదా నాయనకు?"

శాంతిరాజు చాయ్ గ్లాసు నోటి దాకా తెచ్చి ఆపాడు.

"నీకు పెట్టిందేంది బిడ్డా?" అన్నాడు హనుమాండ్లు.

"నాయన నన్ను తీసేసినట్టు రాయించిండట కాకా. అన్న కబురు పంపిండు."

ముసలాయన ఆమె వంక, శాంతిరాజు వంక మార్చి మార్చి చూశాడు. కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వచ్చిందనే అనుకున్నాడాయన ఇంతసేపు.

"గదెట్ల? గా కాయితానికి సాక్షిగ ఏలుముద్ర ఏసింది నేనే గద! శాంతిరాజు మీ నాయన మంచం కాడ కూసొని తెలుగుల సదివిండు. ఇల్లు కొడుకుకు, పడమటి అర్ర బిడ్డకు అని సదివిండు. గీ చెవులతోని ఇన్న."

రాజనర్సయ్య శాంతిరాజు వైపు తిరిగాడు.

"ఏం శాంతిరాజూ, పదారు బస్తాలు సాగర్ల పోసి, ఒక్కటి ఇంట్లకు తెచ్చుకున్నవా?"

ఎన్ని ప్రశ్నలడిగినా తడుముకోని శాంతిరాజు గ్లాసు కింద పెట్టాడు. అది ఒరిగిపోయినా ఎత్తి పెట్టలేదు. నాయన కాయితంలో అన్న తను చేసిన పనినే కథలో లష్కర్ గుత్తేదారు ఇంట్లో పెట్టి, దాన్ని దిద్దిన మొనగాడిగా తనను నిలబెట్టుకున్నాడని యేసుమణికి అర్థమైంది. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అంతకంటే ముందు అడగవలసింది ఇంకొకటి ఉంది.

"గది ఇన్నప్పుడు నాయన ఏమన్నడు కాకా?"

"మల్ల సదువుమన్నడు బిడ్డా. నీ పేరున్న కాడ రెండుసార్లు సదివించుకున్నడు. అర్రకు సున్నం ఎయ్యాలె, ఎన్నటికైనా కాన్పుకొస్తది అన్నడు. అన్నంకనే ముద్ర ఏసిండు."

యేసుమణి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని గట్టిగానే ఏడ్చింది. ఏడాదిగా గుండె మీద మోస్తున్న బండ దిగిన ఏడుపది. మగ్దలీనమ్మ గడప దాటి వచ్చి, ఆమె పక్కనున్న మూట అందుకుంది.

"చెల్లే," అన్నాడు శాంతిరాజు, ఆ అరుగు ఎన్నడూ వినని సన్నటి గొంతుతో, "అర్రల కట్టెలున్నయి. రేపు తీపిస్త."

"తీపిచ్చుడేంది? నువ్వే తియ్యి. ఇప్పుడే" అంది మగ్దలీనమ్మ.

శాంతిరాజు చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు. పొద్దుగూకేదాకా ఒక్క మాట మాట్లాడకుండా పడమటి అర్రలోని కట్టెలన్నీ మోసి వాకిట్లో వేశాడు.