అర్హాన్ గోరీ పక్కన

ముదిగుబ్బలో ఒక ఇంటి ముందు, ఎండబోసిన శనక్కాయల పక్కన ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒకామె పోయినేడు కొడుకును పోగొట్టుకున్న తల్లి. రెండో ఆమె అనంతపురంలో పెరిగి, బెంగళూరు ల్యాబ్‌లో మెదడు కణాల మీద పరిశోధన చేస్తున్న శాస్త్రవేత్త.

"ఆపరేషన్‌లో మా అర్హాన్ తలకాయలోంచి తీసిన గడ్డ ముక్క మీ దగ్గరే ఉండాదంట కదా మేడమ్. ఇచ్చేయండి. వాని గోరీ పక్కన పూడ్చుకుంటాం. పిల్లోడు సగమే ఆడ పండుకున్నట్టుండాది నాకు."

"ఇస్తానమ్మా. ముందు ఈ ఫోన్లో చూడు."

"ఏంది ఇవి? కదుల్తాండాయే!"

"ఆ ముక్కలోని కణాలే. చూడు, ఒకటి రెండయితాంది."

"వాడు పోయి ఏడాదయింది కదా!"

"ఇది నిన్న తీసిన వీడియోనే."

"యా అల్లా! మా వాన్ని మింగిన పాపిష్ఠివి ఇవేనా?"

"ఇవే. కానీ నీ కడుపులో వాని మెదడును కట్టినేవి కూడా ఇట్లాంటి కణాలేనమ్మా. పని అయిపోతానే ఆగిపోవల్ల. ఇవి ఆగలే. ఎందుకో తెలిస్తే ఇంకో పిల్లోడు బతకొచ్చు."

"వాని నవ్వు, వాని మొండితనం, అంతా ఇట్లాంటివే కట్టినాయా?"

"అంతా ఇట్లాంటివే."

"ఏం పెడ్తారు వీటికి?"

"చక్కెర కలిపిన నీళ్ళు."

"వాడూ చక్కెర డబ్బా యాడ దాచినా ఇడిసేటోడు కాదు."

తల్లి ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"వచ్చేవారం ఆ ముక్కను తెచ్చిస్తానమ్మా."

"వద్దు తల్లీ. బతికుండేదాన్ని మట్టిలో ఎట్ల పెట్టేది?"