తోడల్లుడి పేడకుప్పా, నా పేడకుప్పా

"పేడలో గ్యాస్ కొలవడమంటే మీకు నవ్వులాటగా ఉంది గానీ, ఈ చుట్టుపక్కల ఆ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే" అని టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని మొదలుపెట్టాడు మీటరాయన. పశువుల ఫారంలో పేడకుప్ప మీద డ్రమ్ము బోర్లించి, దాని గొట్టానికి మీటరు తగిలించి, ఎంత గ్యాస్ వచ్చిందో చూడటం ఆయన ఉద్యోగం. వినడానికి టైలరు, టీ కాచే అక్క, ఓ మూల ఆయన బావమరిది ఉన్నారు.

"మన పేడ గ్యాసుకీ పక్క దేశం పేడ గ్యాసుకీ పోటీ పెట్టారు. రెండు చోట్లా ఒకే రకం డ్రమ్ములు, ఒకే రకం మీటర్లు. గెలిచినవాణ్ణి రెండో దేశానికి పంపి అక్కడివాళ్ళకి పని నేర్పిస్తారు. విమానం టిక్కెట్టు కూడా వాళ్ళదే. సరే, అక్కడ కొలిచేది ఎవడనుకున్నారు? మా తోడల్లుడు! మా ఆవిడ చెల్లెలి మొగుడు!"

"అయితే ఇంట్లో పోటీయే అన్నమాట" అన్నాడు టైలరు.

"ఇంట్లో పోటీ ఇవాళ్టిదా? మా అత్తగారు ఫోన్ ఎత్తితే చాలు, చిన్నల్లుడు అలా, చిన్నల్లుడు ఇలా. మా పెద్ద సారు మీటింగు పెట్టి పోటీ సంగతి వివరిస్తున్నాడా, సరిగ్గా అప్పుడే మా ఆవిడ ఫొటో పంపింది. తెల్లకోటు వేసుకుని పేడకుప్ప పక్కన వాడు! ఆ నవ్వూ, ఆ నిలబడటమూ! కింద మా ఆవిడ రాసింది కదా, 'చూశారా, ఎంత హుందాగా ఉన్నాడో' అని. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకు దాచాలి, మండింది. ఇంక సారు చెప్పేది ఎవడి చెవికెక్కుతుంది? నాకెందుకివ్వలేదు తెల్లకోటు, నా మొహానికి హుందాతనం రాదా, అదే గోల బుర్రలో."

"మరేం చేశారు?" అంది అక్క.

"వాడికన్నా నాకే ఎక్కువ గ్యాస్ రావాలనుకున్నా. మా కుప్ప ఎండకి ఎండి గుల్లగా ఉంటుంది, గ్యాస్ అంతంతమాత్రం. పైపు లాక్కొచ్చి, కుప్ప జావయ్యేదాకా నీళ్ళు కొట్టి, పైన టార్పాలిన్ కప్పి బిగించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరిగేసరికి మీటరు ముల్లు చివరికంటా వెళ్ళి ఆనుకుంది. ఆ మర్నాడు రెండో రౌండు మొదలెట్టింది. మూడో రౌండుకి అద్దం పగలగొట్టుకుని బయటికొస్తే, టోపీతో పట్టుకున్నా!"

"నా కత్తెర కన్నా మీ నోరే ఎక్కువ కోస్తోందండీ" అన్నాడు టైలరు.

"నువ్వు విను ముందు. డ్రమ్ము లేచింది. దాని మీద కూర్చున్న కాకి రెక్క కదపకుండానే మేఘాల దాకా వెళ్ళి, కిందికి చూసుకుని కళ్ళు తిరిగి పడబోయింది. టార్పాలిన్ ఉబ్బింది, దాని తాళ్ళు కొట్టం స్తంభాలకి కట్టి ఉన్నాయిగా, కొట్టం లేచింది. కొట్టంతో పాటు ఆవులూ లేచాయి. ఒక్కటి కూడా నెమరువేయడం ఆపలేదు, అదీ మన ఆవుల క్రమశిక్షణ! నేనో తోక పట్టుకుని వేలాడుతున్నా. సరిహద్దు దగ్గర పోలీసు కిందనుంచి 'పాస్‌పోర్ట్ ఏదీ?' అని అరిచాడు. మా ఆవు పైనుంచే ముద్ర వేసేసింది."

అక్క నవ్వాపుకోలేక గరిటె వదిలేసింది.

"సరిగ్గా మా తోడల్లుడి ఫారం మీద ఆగాం. వాడు తెల్లకోటులో నోరు తెరుచుకుని చూస్తున్నాడు. వాడి మీటరు చూస్తే, ముల్లు సున్నా పక్కనే బద్ధకంగా పడుకునుంది. 'ఏం తమ్ముడూ, ఇంతేనా?' అన్నా. ఏడ్చాడండీ! 'అన్నయ్యా, అత్తగారికి చెప్పకు' అని దణ్ణం పెట్టాడు. ఇన్నేళ్ళ మంట, అప్పుడు చల్లబడింది నా కడుపు! కొంచెం గ్యాస్ మేఘాలకి వదిలేసి, దిగొచ్చి లెక్క పంపించా. ఫలితం ఇవాళో రేపో. మా ఆవిడకి పెట్టె సర్దమని చెప్పేశా. తెల్లకోటులో నేను పాఠం చెప్తుంటే ముందు వరసలో వాడు చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆ ఫొటో అత్తగారికి వెళ్ళాలి. అదొక్కటి చాలు నాకు."

బావమరిది గ్లాసు కింద పెట్టాడు. "ఫలితం వచ్చింది బావా. చిన్నక్క ఇందాకే ఫోన్ చేసింది."

"గెలిచామా?"

"ఈ గ్యాస్ భూమిని వేడెక్కిస్తుంది బావా. ఎవరి పేడలోంచి తక్కువ వస్తే వాళ్ళది గెలుపు. మీటింగులో మీ సారు చెప్పింది అదేనట."

టైలరు నవ్వబోయి, మీటరాయన మొహం చూసి మానుకున్నాడు.

"మన ఎండుకుప్పని ఉన్నదున్నట్టు వదిలేస్తే నువ్వే గెలిచేవాడివి. ఇప్పుడింత ఎలా వచ్చిందో ఎవరికీ అంతుబట్టక, చిన్నబావని ఇక్కడికి పంపిస్తున్నారు, కుప్ప ఎండబెట్టడం నీకు నేర్పడానికి. అన్నయ్య ఇల్లుండగా హోటలెందుకు అన్నాడట. పెద్దక్క నీ పెట్టె అటక మీద పడేసి, ముందుగదిలో పరుపు వేస్తోంది. చిన్నల్లుణ్ణి చూడ్డానికి అమ్మ కూడా బయల్దేరింది."

మీటరాయన కాలు మీంచి కాలు దించాడు. టీ చల్లారిపోయింది. గొంతు తగ్గించి అడిగాడు.

"ఎన్నాళ్ళుంటాడట?"

"నువ్వు కొట్టిన నీళ్ళు ఆరేదాకా."