నునుపు వైపు

ఆమె నలభై ఏళ్లుగా బట్టలు కుడుతున్న మనిషి. సర్జన్ ఆమె మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"కిందటేడు హెర్నియాకి మీ పొట్టలో మెష్ అనే వల వేసి కుట్టానమ్మా. దానికి ఒకవైపు నునుపు, ఒకవైపు గరుకు. నునుపు వైపు పేగుల మీదికి రావాలి."

"రాలేదా?"

"నిన్న ఆపరేషన్ వీడియో మళ్లీ చూశాను. తిరగేసి కుట్టాను. గరుకు వైపుకి పేగు అతుక్కుపోయినట్టుంది. ఈ నొప్పి అందుకే."

ఆమె దుప్పటి అంచు తిప్పి కుట్టు చూసింది.

"నేనూ ఓసారి లైనింగు తిరగేసి కుట్టాను బాబూ. కుట్టించుకున్నావిడ అడిగితే, గుడ్డే అంతని బుకాయించాను."

"విప్పేటప్పుడు పేగు కొంత తీసెయ్యాల్సి రావచ్చు. ఈసారి మా పెద్ద డాక్టరుగారు చేస్తారు."

"ఆయన్ని పక్కన ఉండమనండి. మీరు కుట్టిందేగా, మీరే విప్పండి."