జనరల్ దొర ముందర మీ తాత పేరు

"అవ్వా, తాత మిలటరీలో జనరల్ కాడ పనిచేసినాడంట గదా, ఆ సంగతి చెప్పు."

ఎవురు చెప్పినారే నీకు, మీ నాయనా? ఆయనకేం తెల్సు, అప్పటికి పుట్టనే లేదు. జనరల్ కాడ కాదులే, జనరల్ కాకముందు నుంచీ. ఆ దొర మొదట్లో కెప్టెనే. నల్లమలలో వేటకని మన అర్ధవీడు పక్కన డేరా ఏసినాడు. మీ తాత గొర్రెలు మేపుతా కొండంతా తిరిగినోడు గదా, దారి చూపించేదానికి పిల్చుకున్నారు. నాలుగు దినాలు తిరిగినారు. డేరా ఎత్తేసి పోతా పోతా మీ తాతను గూడా తోడుకోని పోయినాడు. ఆర్డర్లీ అంట. బూట్లు తుడిచేది, గుర్రానికి నీళ్ళు పెట్టేది, దొర యాడికి పోతే ఆడికి పోయేది. నేను కాపురానికొచ్చి అప్పటికింకా ఏడాది నిండలే.

ఆ తర్వాత మనిషి రాలే, అన్నీ జాబులే. మీ తాతకు రాయను రాదు, ఎవురితోనో రాయించేటోడు. ఈడ మన బడి అయ్యవారు చదివి చెప్పేటోడు. నాకేమో మనిషి ఎట్లుండాడో, తింటుండాడో లేదో తెలియాల. జాబు నిండా దొర సంగతే. దొర మేజరైనాడని ఒగసారి వచ్చింది. మా అత్త, అంటే మీ తాత వాళ్ళమ్మ, ముక్కు మీద ఏలు పెట్టుకునింది. "మీసాలు నెరుస్తుండాయన్నారు గదయ్యా, ఇప్పుడా మేజరయ్యేది?" అని. పాపం ఆ అయ్యవారు నవ్వు ఆపుకోలేక సచ్చినాడు.

ఇంకో రెండేండ్లకు, కాదు కాదు, మూడేమో, దొర కర్నలైనాడని వచ్చింది. మా అత్తకు కరణం అని ఇనపడింది. ఊరంతా చెప్పొచ్చింది. దొరకు కరణీకం వచ్చింది, ఇంక ఒగ ఊర్లో కూసోని లెక్కలు రాసుకుంటాడు, మావాడు ఇంటికొస్తాడు అని. నేనూ నమ్మినా. ఇల్లలికి ముగ్గేసినా. గొర్రెలు మళ్ళుకొచ్చే పొద్దుకు ఆ దుమ్ములో ఎవురొస్తున్నా మీ తాత మాదిరే కనపడేటోడు. దగ్గరికొస్తే ఇంకెవురో. ఇప్పటికీ కండ్లు మూసుకుంటే ఆ ఎర్రదుమ్మే కనపడతది నాకు, అట్లనే కూసోనుంటా.

కర్నలంటే కరణం కాదు, ఇంకా పెద్ద దొర, ఇంకా దూరం పంపిస్తారు అని తర్వాత తెలిసింది. అప్పుడు నేనొగ పని చేస్తి, ఎవురికీ చెప్పాకు. దొరకు ఇంకే పదవీ రాకూడదని దేవునికి మొక్కుకున్నా. పాపం, ఆయన నాకేం చేసినాడు? కానీ ఆయన పెద్దోడయ్యే కొద్దీ మీ తాత నాకు దూరమైపోతుండె.

దేవుడు ఇనలే. జనరలైనాడు. ఆ జాబులోనే రాయించినాడు, మా రైలు కంభం టేసన్లో నీళ్ళు పట్టేదానికి ఆగుతుంది, ఫలానా దినం వస్తే చూసిపోవచ్చు అని. చూసిపోయేదేంది, తోడుకోనే వస్తా అనుకున్నా. మా మామ బండి కట్టినాడు.

రైలొచ్చింది. రైలుకు కడాకు దొర పెట్టె. దొర దిగినాడు. ఇన్నేండ్లు తిట్టుకున్న మనిషి, చూస్తే ముసలోడు, మోకాలు పట్టుకోని దిగినాడు. కోపమంతా యాడికి పోయిందో. కాళ్ళ మీద పడి, "మా ఇంటాయన్ని పంపించు దొరా" అన్నా. ఆయనకు మన మాట వచ్చీరానట్టు వచ్చు. "ఎవరు? పేరు చెప్పు" అన్నాడు. ఆ పెట్టెలో తలపాగాలోళ్ళు చానామంది ఉండారు మరి, వాళ్ళలో మీ తాత యాడుండాడో నాకూ కనపడలే.

పేరెట్ల చెప్పేది? మొగుని పేరు నోటితో అంటే ఆయుసు తగ్గుతుందనేటోళ్ళు మా కాలంలో. "ఏడుకొండల మీదుండే ఆయన పేరే" అన్నా. దొరకేం తెలుస్తది? "వీరమ్మ తమ్ముడు" అన్నా, మా ఆడబిడ్డ పేరు చెప్పి. తల అడ్డంగా ఊపినాడు. మా మామ చెప్పొచ్చు గదా అంటావేమో, ఎద్దులు రైలు కూతకు బెదురుతుంటే ఆయన బయట వాటిని పట్టుకోనుండె. గంట కొట్టినారు. రైలు కదిలితే ఇంకంతే. పేరు పెట్టి అరిసినా. టేసనంతా ఇనపడేట్టు అరిసినా.

మీ తాత పెట్టెలోంచి దూకినాడు. నన్ను చూల్లే. దొర ముందర నిటారుగా నిలబడినాడు. దొర నన్ను చూసి, ఆయన్ని చూసి, "పో" అన్నాడు. మీ తాత కదల్లే. దొర ఆయన భుజం మీద చెయ్యేసి మళ్ళీ అన్నాడు, మెల్లిగా. అప్పుడు కదిలినాడు. కొలువు నుంచి విడిపించే కాయితాలు, సంతకాలు అన్నీ తర్వాత వచ్చినాయిలే.

ఎద్దుల బండెక్కి ఊరి దారి పట్టినాం. కొండ కనపడినాక మీ తాత అన్నాడు, "నన్ను పేరు పెట్టి పిలిచినోళ్ళు లేక పదకొండేండ్లాయ. ఆర్డర్లీ, ఆర్డర్లీ, అంతే. ఇంకోసారి పిలువు" అని. ముందర మామ కూసోనుండాడు, నాకు సిగ్గేసింది. ఇంటికి పోయినాక పిలుస్తాలే అన్నా. పిలవలే. ఎన్ని తూర్లు అడిగినాడో. ఎవురన్నా ఇంటే నవ్వుతారని నేను పిలవనే లేదు.

ఆయన పోయిన దినం పిలిచినా. ఇంటినిండా జనం. ఎవురూ నవ్వలే తల్లీ.

నువ్వు మీ ఆయన్ని పేరు పెట్టి పిలుస్తావని మీ అమ్మ గొణుగుతుంటది. గొణగనీలే. పిలుచుకో, నోరారా పిలుచుకో. పలికే మనిషి ఎదురుగా ఉన్నప్పుడే... సల్లగుండండి ఇద్దరూ...